కొత్త చుక్క కోసం ఖరగ్‌పూర్ దాకా

ఖరగ్‌పూర్ వెళ్ళి వచ్చానంటే మా స్కూల్లో తోటి టీచర్లు ముందు అడిగిన మాట, "ఎవరింట్లో పెళ్ళి?" అని. శ్రావణమాసం కదా మరి. పెళ్ళి కాదు, ఒక చుక్కను చూడటానికి వెళ్ళాం, నేనూ మా నాన్నా, అన్నాను. "విజయనగరంలో చుక్కలు కరువయ్యాయా?" అని నవ్వారు. కరువు కాలేదు కానీ, ఆ చుక్క ఉత్త కంటికి ఆనదు. దాన్ని చూపించే దుర్బీను ఖరగ్‌పూర్‌లో ఉంది. ఆ దుర్బీను చేసిన ఇద్దరిలో ఒకడు మా నాన్న.

నాన్న పేరు అప్పలస్వామి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రెండో ఆయన నేను కాకా, అంటే చిన్నాన్న, అని పిలిచే నిబారణ్, అదే షాపులో లేత్ మీద పనిచేసేవాడు. పుట్టుక బెంగాలీ అయినా, చుట్టూ శ్రీకాకుళం, విజయనగరం మనుషుల మధ్య పాతికేళ్ళు పనిచేసి మా యాసలోనే తెలుగు మాట్లాడేవాడు. నాన్నని 'అప్పల్‌దా' అనేవాడు, బెంగాలీలో 'దా' అంటే అన్న. నా చిన్నప్పుడు వీళ్ళిద్దరూ డ్యూటీ దిగాక మా క్వార్టరు పెరట్లో ఒక ఇనుప డ్రమ్ము చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతూ, ఎనిమిది అంగుళాల గాజుబిళ్ళను ఇంకో గాజుబిళ్ళ మీద రుద్దుతుండేవారు. అలా ఏడాది పైగా రుద్దితే గుంట అద్దం తయారైంది. దానికి వెండిపూత పట్టించి రేకు గొట్టంలో బిగించారు. శనిగ్రహం చుట్టూ వలయాన్ని నేను మొట్టమొదట చూసింది అందులోనే. ఆ రోజుల్లో నాకు ఇద్దరు తండ్రులున్నట్టే ఉండేది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు పోయాయి.

కబురు

పందొమ్మిది వందల డెబ్బై వానాకాలంలో మా చిన్నాన్న కొడుకు కామేశు సెలవు మీద విజయనగరం వచ్చాడు. వాడు ఖరగ్‌పూర్‌లోనే రైల్వే గార్డు. కాఫీ తాగుతూ, "పెదనాన్నా, నిబారణ్ బాబు బజార్లో అగుపించినాడు. నీకో మాట సెప్పమన్నాడు" అన్నాడు.

నాన్న పేపరు మీంచి తల ఎత్తలేదు.

"సప్తర్షుల తోక దగ్గర, ఆ సుడి మచ్చలో, కొత్త సుక్క అగుపిస్తందట. 'అప్పల్‌దా వొచ్చి సూస్తే గానీ నేను నమ్మను' అని సెప్పమన్నాడు. అదేటో నీకే తెలుస్తాదట."

నాన్న పేపరు మడిచి వీధి అరుగు మీద కూర్చున్నాడు. భోజనానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. అన్నం ముందు కూర్చుని, "అమావాస్య ఎప్పుడు?" అని అమ్మని అడిగాడు. వెన్నెల ఉంటే మసక చుక్కలు కనబడవు. అమావాస్య దగ్గరలోనే ఉంది, అదీ పోలాల అమావాస్య. అమ్మకి కోపం వచ్చింది. "పిల్లల కోసం సేసే పూజ. ఉన్న ఒక్క పిల్లనీ ఊరు దాటించేస్తావా?" అంది. మోకాళ్ళ నొప్పులతో ఆయన ఒంటరిగా బండి ఎక్కలేడని చెప్పి నేనే ఒప్పించాను. నిజానికి ఆరేళ్ళయింది ఆ ఊరు వదిలి. నాకూ వెళ్ళాలనే ఉంది.

పలాస దాటాక

పాసింజరు బండి. పలాసలో ఒక పెద్దావిడ తాటిపళ్ళ బుట్టతో మా పెట్టెలో ఎక్కింది. పండిన తాటిపండు వాసన ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పెట్టె అంతా ఆ వాసనే. ఎదుటి బెంచీ మీది ఒడియా దంపతులు లేచి కిటికీ దగ్గరికి జరిగారు. ఆవిడ ఖుర్దాలో ఉన్న కూతురు పురిటికి వెళుతోంది. కూతురు ఒక్కటే మాట పంపిందట, తాటిపళ్ళు తెమ్మని.

"మీరెక్కడికి బావూ?" అని నాన్నని అడిగింది.

"ఖరగ్‌పూరమ్మా. సుక్కని సూడ్డానికి."

ఆవిడ నవ్వలేదు. ఏం చుక్క అని శ్రద్ధగా అడిగింది. నాన్న కూడా శ్రద్ధగానే చెప్పాడు. రాత్రిళ్ళు ఆకాశంలో తెల్లగా పారే పాలపుంత ఉంది కదా, అలాంటివే చాలా దూరాన ఇంకా ఉన్నాయి. కొన్ని తూములోకి దిగే నీళ్ళలా సుడి తిరిగి ఉంటాయి. అలాంటి ఒక సుడిలో ఒక చుక్క కాలం తీరి పేలిపోయింది. పేలినప్పుడు కోటి దీపాల్లా వెలిగింది. ఆ వెలుగు మన దాకా రావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది.

ఆవిడ కొంతసేపు ఆలోచించింది. "అంటే ఎప్పుడో సచ్చిపోనాదన్న మాట."

"అవునమ్మా."

"మరి అన్నేళ్ళయిపోనాక ఇప్పుడెళ్ళి ఏటి పలకరిస్తారు బావూ?"

నాన్న పకపకా నవ్వాడు. కబురు వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఆవిడ దిగేటప్పుడు బుట్టలోంచి ఒక పండు తీసి నా ఒళ్ళో పెట్టింది. వద్దంటే వినలేదు. చీర కొంగుకి అంటిన ఆ పసుపు మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

చిలక సరస్సు

చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవులకీ ఈ దారినే వెళ్ళేవాళ్ళం. చిలక రాగానే పిల్లలందరం కిటికీలకి అతుక్కుపోయేవాళ్ళం. ఇప్పుడూ అలాగే చూశాను. నీళ్ళు, మబ్బు ఒకే బూడిద రంగులో కలిసిపోయి, పడవలు ఆకాశంలో తేలుతున్నట్టున్నాయి. నాన్న మాత్రం నీళ్ళకేసి చూడలేదు. మబ్బుల్నే చూస్తున్నాడు.

ఆ స్నేహితుల మధ్య మాటలు ఎందుకు పోయాయో ఇక్కడ చెప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు, చలి తగ్గే రోజుల్లో ఒక సాయంత్రం, నాన్న సింహరాశిలోని ఒక సుడిని చూస్తూ కేక పెట్టాడు. ఆ మచ్చ అంచున ఎన్నడూ లేని చుక్క ఉందన్నాడు. కాకాని పిలిచాడు. కాకా చాలాసేపు చూసి, "ఏమీ లేదు అప్పల్‌దా. పొద్దంతా సుత్తి దెబ్బలు కొట్టినావు, కళ్ళు అలిసినాయి" అన్నాడు. నాన్న మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ అదే మాట. పెద్ద దుర్బీనున్న చోటికి తెలియజేద్దామంటే, రెండో కన్ను సాక్ష్యం లేనిదే ఎవరు నమ్ముతారు? మర్నాటి నుంచి మబ్బు పట్టింది. ఆపైన వెన్నెల వచ్చింది. తర్వాత నాన్న ఇక దుర్బీను దగ్గరికి వెళ్ళలేదు. దాన్ని కాకా తన ఇంటికి తీసుకుపోయినా అడగలేదు. షాపులో పక్కపక్కనే నిలబడి, పని మాట తప్ప ఇంకో మాట లేకుండా ఇద్దరూ రిటైరయ్యారు. మేం ఊరు వదిలిన రోజు కాకా స్టేషనుకి రాలేదు. మేమూ చెప్పి రాలేదు.

ఖరగ్‌పూర్

తెల్లవారుతుండగా దిగాం. వాన పడుతోంది. బొగ్గు పొగ, తడిసిన పేడ, ఆవనూనె, ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలింది. వాసనకి ఏడుపు వస్తుందని అంతకుముందు తెలియదు. ప్లాట్‌ఫారం మీద మట్టి కప్పులో టీ తాగాం. మా విజయనగరంలో గాజు గ్లాసు కడిగి ఇంకొకరికి ఇస్తారు. ఇక్కడ తాగిన కప్పుని పట్టాల మీదికి విసిరి పగలగొట్టడమే మర్యాద. చిన్నప్పుడు అలా విసరడానికే టీ తాగేదాన్ని. ఇప్పుడు విసరబుద్ధి కాక సంచీలో దాచుకున్నాను. కామేశు ఇంటికి చేరేసరికి అది సంచీలోనే ముక్కలైంది.

కామేశు క్వార్టరు నిమ్‌పురాలో. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడుకి కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటుంటే ఆరేళ్ళ తర్వాత ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక మా పాత క్వార్టరు చూడటానికి వెళ్ళాను. ఇప్పుడు అందులో టెక్కలి దగ్గరి వాళ్ళెవరో ఉన్నారు. ఆ ఇల్లాలు గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, ఎవలు కావాల?" అంది. "ఎవరూ అక్కర్లేదమ్మా, మేం ఇక్కడే ఉండేవాళ్ళం" అన్నాను. లోపలికి పిలిచి ముడి, అదే మన మరమరాలు, ఆవనూనె కలిపి ఇచ్చింది. పెరట్లో డ్రమ్ము ఉండే చోట ఇప్పుడు ఆనపపాదు వేశారు. నేల మీద గుండ్రంగా అణిగిన ఆనవాలు ఏమైనా ఉంటుందేమోనని వెదికాను. లేదు. అన్ని వానాకాలాలు గడిచాక ఎందుకుంటుంది?

సుభాష్‌పల్లి

సాయంత్రం సుభాష్‌పల్లిలోని కాకా ఇంటికి బయలుదేరాం. దారిలో నాన్న రెండుసార్లు ఆగి, "రేపెళ్దామా?" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

తలుపు తీసింది కాకీమా, కాకా భార్య. నన్ను చూడగానే, "ఓ మా! ఎంత పెద్దదానివయ్యావే!" అని బెంగాలీలో అంటూ గడ్డం పట్టుకుంది. వెనక కాకా నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిపోయింది. నాన్నా ఆయనా ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎశో అప్పల్‌దా" అన్నాడు కాకా. రమ్మని.

"అద్దం ఎలాగుంది?" అన్నాడు నాన్న.

ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళ పలకరింపు అదీ. కాకా వెండిపూత మూడుసార్లు మార్చిన సంగతి చెప్పాడు. నాన్న అద్దం తీసి వెలుతురులో తిప్పి చూశాడు. "అంచు దగ్గర బూజు పట్టింది" అన్నాడు. "ఈ వానల్లో పడతాది కదా" అన్నాడు కాకా. అంతే. అద్దం గురించి తప్ప ఇంకో మాట రాలేదు. నేనూ కాకీమా వంటింట్లోకి వెళ్ళిపోయాం.

పలాస తాటిపండు ఆవిడకిచ్చాను. మన వైపు తాటిపండుని కాల్చో ఉడకబెట్టో పీచు చీకుతూ తింటాం కదా. బెంగాలీలు దాని గుజ్జు తీసి, పిండీ కొబ్బరీ బెల్లమూ కలిపి నూనెలో బొండాల్లా వేయిస్తారు. కాకీమా అప్పటికప్పుడు వేసి పెట్టింది. రాత్రికి ఇక్కడే తినమంటే నాన్న ఒప్పుకోలేదు. "తినేసే వొచ్చినామమ్మా" అన్నాడు. పొద్దున్నించీ ఆయన తిన్నది టీ, బిస్కెట్లే.

బయలుదేరుతుంటే కాకీమా నాతో మెల్లగా అంది. "ఆ చుక్క కనిపించిన రోజు నుంచీ ఈ మనిషికి నిద్ర లేదు. ఉందంటాడు, మర్నాడు లేదంటాడు. మీ నాన్న రాకపోతే ఏమైపోయేవాడో!"

బెంగాలీలు కూడా మనలాగే 'వెళ్తున్నా' అనరు. గుమ్మంలో 'ఆశ్చి' అంటారు, అంటే వస్తున్నానని. నాన్న ఆ మాట అనకుండానే మెట్లు దిగాడు.

ఖరిదా బజారు

తర్వాతి రెండు రోజులూ మబ్బే. నాన్న పొద్దున లేచి ఆకాశం చూడటం, నిట్టూర్చడం. కాకా రోజూ సాయంత్రం సైకిలు మీద నిమ్‌పురా వచ్చి, వీధిలోంచే "ఇవాళ కూడా లేదు" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. ఆ మాటేదో మేమూ తలెత్తి చూసి తెలుసుకోగలం. అయినా వచ్చేవాడు. రెండోరోజు నాన్న సైకిలు గంట వినబడకముందే వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంట్లో కూర్చోలేక ఖరిదా బజారు వెళ్ళాను. ఇక్కడ బేరం ఆడటానికి మూడు భాషలు కావాలి. కూరలమ్మే ఒడియా అతనితో ఒకటి, చేపలమ్మే బెంగాలీతో ఇంకొకటి, బట్టల కొట్టు మార్వాడీతో హిందీ. మధ్యలో "ఒలమ్మీ, అది కుళ్ళిపోనాది, తీసుకోకు" అని వెనకనుంచి ఎవరో తెలుగావిడ. ఇలిశ చేపల రోజులు, మన పులసలే. బురదలో చెప్పు తెగి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని కుంటుతుంటే ఒక చేపలమ్మే ముసలాయన పిలిచి, తాను కూర్చునే పీట ఇచ్చి, గోనె తాడుతో చెప్పు కట్టిపెట్టాడు. "చేప కొనక్కర్లేదు దీదీ, కూర్చో" అన్నాడు. కొనకుండా ఎలా వస్తాను? మా కామేశు భార్య ఆ పూట ఆవ పెట్టి వండిన పులుసు ఇంకా నాలుక మీదే ఉంది.

ఒక గజం ఎర్రగుడ్డ కూడా కొన్నాను. చీకట్లో టార్చిలైటు తెల్లగా వెలిగితే కళ్ళు చెదిరి మసక చుక్కలు ఆనవు. లైటుకి ఎర్రగుడ్డ చుట్టాలి. ఎందుకని కొట్టువాడు అడిగితే చెప్పాను. గుడ్డ కొలుస్తూ, "అయితే ఆ చుక్క కనబడితే నాకూ చెప్పి వెళ్ళండి" అన్నాడు.

హిజ్లీ అవతల

పోలాల అమావాస్య నాడు మధ్యాహ్నానికి గాలి మారింది. నాలుగయ్యేసరికి పడమటి వైపు నీలం బయటపడింది. కాకా సైకిలు మీద రొప్పుతూ వచ్చి, "అప్పల్‌దా, చలో!" అన్నాడు.

సుభాష్‌పల్లి డాబా మీదికి యార్డు లైట్ల వెలుగు పడుతుంది. చుక్క కొంచెం ప్రకాశంగా ఉన్నప్పుడు కాకా అక్కడినుంచే చూశాడట. ఇప్పుడు మసకబారుతోంది కాబట్టి, ఊరి బయట హిజ్లీ దాటి పొలాల్లోకి వెళ్ళాలన్నాడు. దుర్బీను గొట్టం నా కంటే పొడుగు. దాన్ని రిక్షా మీద అడ్డంగా పెట్టి, ఆ పక్కా ఈ పక్కా ఇద్దరూ పట్టుకుని నడిచారు. నేను అద్దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో కూర్చున్నాను.

ఆ రోజుల్లో బెంగాల్ ఎలా ఉందో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. గోడల నిండా నినాదాలు, మలుపు మలుపునా పోలీసులు. అలాంటి ఊళ్ళో సంధ్యవేళ ఇద్దరు ముసలాళ్ళు పొడుగాటి గొట్టాన్ని పట్టుకుపోతుంటే ఏమవుతుంది? కానిస్టేబుల్ ఆపాడు. "ఏమిటిది? ఫిరంగా?" అన్నాడు. కాకా బెంగాలీలో పొడుగ్గా చెప్పాడు. నాన్న హిందీలో చెప్పాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది. గొట్టంలో తల పెట్టి చూశాడు. చివరికి, "దీంట్లో చంద్రుడు కనబడతాడా?" అన్నాడు. "కనబడతాడు కానీ ఇవాళ అమావాస్య" అన్నాను నేను. ఆయన నిరాశగా చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

పొలాల దగ్గర రిక్షా చక్రం బురదలో కూరుకుంది. అందరం తోశాం. గట్టు మీద దుర్బీను నిలబెట్టేసరికి బాగా చీకటి పడింది. వాన కడిగిన ఆకాశం. వాయవ్యాన సప్తర్షుల గరిట వాలుతోంది. కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

కాకా వంగి, గొట్టాన్ని అటూ ఇటూ జరిపి జరిపి, ఒకచోట ఆపాడు. చాలాసేపు చూశాడు. లేచి పక్కకి తప్పుకున్నాడు.

నాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వంగాడు. నేను ఎర్రగుడ్డ చుట్టిన లైటు ఆర్పేశాను.

నాన్న గొట్టాన్ని ఒకటి రెండుసార్లు వేలితో జరిపాడు.

"ఏటి అప్పల్‌దా?" అన్నాడు కాకా. "ఉందా?"

నాన్న ఇంకా చూస్తూనే ఉన్నాడు. కాకా ఊపిరి నాకు వినిపిస్తోంది. నాకు ఒక్కసారిగా భయం వేసింది. నాన్న ఇప్పుడు 'నేదు' అంటే చాలు. ఆ ఒక్క మాటతో పాత బాకీ తీరిపోతుంది. ఉందో లేదో మూడో మనిషి ఎవరు చెప్పగలరు?

"ఉంది" అన్నాడు నాన్న. కన్ను తీయకుండానే చెప్పాడు. "మచ్చ అంచుకి మసక ముద్ద ఒకటుంటాది సూడు, దాని పక్కన. ముందెప్పుడూ అక్కడేటీ నేదు. ఉందిరా నిబారణ్. నీ కన్ను నిజిమే సెప్పింది."

కాకా తడి గట్టు మీద కూలబడ్డాడు. సంతోషమనుకున్నాను. కాసేపటికి ఆయన అన్నాడు.

"ఆ రోజు కూడా ఉంది, అప్పల్‌దా."

"ఏ రోజు?"

"సింహం దగ్గర. నువ్వు పిలిచినావు. నేను చూసినాను. ఉంది."

నాన్న దుర్బీను దగ్గర్నుంచి లేచాడు. "మరి నేదన్నావు."

"అన్నాను. అంతకు ముందురోజు ఆ జాగానే నేను ఒక్కడినీ చూసినాను. నాకు ఆనలేదు. నీకు ఆనింది. అది నాకు సయించలేదు. మరునాడు చెప్దామనుకున్నాను, మబ్బు పట్టింది. తర్వాత నువ్వు రావడమే మానేసినావు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

నాన్న గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"నీ మీద కోపంతో రానేదనుకున్నావా? నువ్వు నేదంటే నేదనే అనుకున్నాను. నా కళ్ళే నాకు అబద్ధం సెప్పినాయనుకున్నాను. అందుకు మానేసినాను. ఇన్నేళ్ళు నాను ఆకాశం సూడనేదురా."

అంటూనే రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు. రిక్షా లాంతరు దగ్గర ఆయన నీడ ఆగడం కనిపించింది. కాకా పిలవలేదు. లేచి దుర్బీను దగ్గరికి వెళ్ళాడు. భూమి తిరుగుతుంటుంది కనక చుక్కలు దుర్బీనులోంచి జారిపోతుంటాయి. మనమే గొట్టాన్ని కొంచెం కొంచెం జరుపుతూ ఉండాలి. ఆయన చూడటం, జరపడం, మళ్ళీ చూడటం. చుక్కను పోనివ్వకుండా అలా పట్టుకునే ఉన్నాడు.

పడమట మళ్ళీ మబ్బు లేస్తోంది. నాన్న తిరిగి వచ్చాడు. కాకా కేసి చూడకుండా, "అమ్మి సూసిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదు" అన్నాడు కాకా.

"మరేటి సేస్తన్నారు? మబ్బొస్తంది. బేగి సూడే అమ్మీ!"

వంగాను. మొదట ఏమీ కనిపించలేదు. "తిన్నగా సూడకు. తిన్నగా సూస్తే పోతాది. కొంచెం పక్కకి సూడు, ఓరకంట అదే వొస్తాది" అన్నాడు నాన్న. పక్కకి చూశాను. నల్లటి చీకట్లో, పలక మీద సుద్దను వేలితో తుడిచినట్టు, ఒక తెల్లటి మసక. దాని అంచున సూది మొనంత వెలుగు. నేరుగా చూడబోతే మాయమైంది. మళ్ళీ పక్కకి చూస్తే వచ్చింది. అంతే. చెబితే ఇంతేనా అంటారు. కానీ వెనక ఆ ఇద్దరూ ఊపిరి బిగబట్టి, "అగుపించిందా?" అని ఒకేసారి అడిగినప్పుడు తల ఊపాను. చీకట్లో వాళ్ళకి అది కనబడదు కదా. మళ్ళీ అడిగారు.

"ఉంది" అన్నాను.

మబ్బు కమ్మేదాకా వంతులవారీగా చూశాం. రిక్షా అతనికి కూడా చూపించారు. తిరుగు దారిలో ఇద్దరూ గొట్టానికి చెరోపక్క నడిచారు. గుమ్మంలో కాకీమా ఎదురుచూస్తోంది. ఆవిడ అడక్కముందే నాన్న చెప్పులు విడిచి, "ఆకలేస్తందమ్మా, అన్నం ఉందా?" అన్నాడు.

తిరుగు బండి

మర్నాడు సామాను సర్దుతుంటే నాన్న బట్టలు కనిపించలేదు. పొద్దున్నే ఆయన కామేశు సైకిలు మీద సంచీ పెట్టుకుని సుభాష్‌పల్లి వెళ్ళిపోయాడట. స్టేషనుకి ఇద్దరూ కలిసే వచ్చారు.

"సుక్క రోజురోజుకీ ఎలా మసకేస్తందో సూడాల గదా" అన్నాడు నాన్న, నా మొహంలోకి చూడకుండా. "ఈడొక్కడి మాట ఎవలు నమ్ముతారు? నువ్వెళ్ళు. మీ అమ్మకి సెప్పు."

ఆ చెప్పాల్సిన పని నా మీద పడింది. బండి కదిలింది. నాన్న చెయ్యి ఊపుతాడేమోనని కిటికీలోంచి వంగి చూశాను. ఆయనా కాకా ఇద్దరూ మెడలెత్తి ఆకాశంలో ఒక మబ్బుని చూపించుకుంటూ, ఇది కురుస్తుందా పోతుందా అని గట్టిగా వాదించుకుంటున్నారు.

దసరాకి వచ్చాడు. చిక్కినా, ఎండకి నల్లబడినా, కులాసాగానే ఉన్నాడు. ఆ చుక్కను ఐరోపాలో ఎవరో ముందే చూసి లోకానికి చెప్పారని, కలకత్తాలో చదువుకునే కాకా మేనల్లుడి వల్ల తెలిసిందట. "మంచిదే గదా, నిజిమేనని ఇంకొకలు కూడా సెప్పినారు" అన్నాడు. సింహరాశి చుక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. దాన్ని ఇద్దరే చూశారు.

అమ్మ లేని సమయం చూసి అడిగాను. "నాన్నా, కాకా మీద ఇంకా కోపం ఉందా?"

"ఉంది" అన్నాడు వెంటనే. లేచి కిటికీలోంచి ఆకాశం చూశాడు.

"ఈ యేడు రైలు పాసు ఇంకొకటి మిగిలుంది. సలికాలం మబ్బులుండవు. ఎళ్ళొస్తాను."